పడమటి ముఖం ఇల్లు, ఉడికిపోయే మేడ: బోడుప్పల్‌లో ఒక పాత ఇంటి పునరుద్ధరణ

ఈ ఇల్లు హైదరాబాద్ తూర్పు శివారున, వరంగల్ జాతీయ రహదారికి దగ్గరలో ఉన్న బోడుప్పల్‌లో ఉంది. 200 గజాల స్థలం, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. రోడ్డు పడమటి వైపు ఉంది కనుక ఇంటి ముఖం కూడా పడమరకే. 1999లో కింది అంతస్తు, ఏడేళ్ల తర్వాత పై అంతస్తు కట్టారు. ఒక్కో అంతస్తు సుమారు 1,150 చదరపు అడుగులు. పిల్లర్లు, బీములు, ఐదంగుళాల స్లాబు, తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు, ఒకటిన్నర అడుగుల సన్‌షేడ్‌లు ఉన్న ఈ ఇంటిలో విశేషమేమీ లేదు. శివారు కాలనీల్లో ఆ పాతికేళ్లలో లేచిన ఇళ్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం కూడా అదే.

ఇంటి యజమాని ప్రభుత్వ పాఠశాలలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయనా ఆయన భార్యా కింద ఉంటారు, కొడుకు కుటుంబం పైన ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పైవాళ్లు కూడా కిందికి దిగి హాల్లో పడుకుంటారని, రెండు పాత ఏసీలు తెల్లవార్లూ నడిచినా మేడ గదులు చల్లబడటం లేదని, ఇల్లు కూల్చి కొత్తది కట్టుకోవడమే మేలని ఒక బిల్డరు చెప్పాడని, కూల్చే ముందు మరొకరి మాట కూడా విందామని ఆర్కిటెక్టునైన నన్ను పిలిచారు. ఫోనులో నేను పగటి పూట వస్తానంటే ఆయన భార్య ఒప్పుకోలేదు. "పగలొస్తే ఏం ఎరుకైతది సార్, రాత్రి పదింటికి రాండి. మా మేడ గదిల ఒక్క గంట కూసుండి పోండి" అన్నారు. పాతికేళ్ల వృత్తిలో ఒక క్లయింటు నాకు ఇచ్చిన అతి మంచి సూచనల్లో అది ఒకటి.

రాత్రి పదింటికి

2024 ఏప్రిల్ చివరి వారంలో ఒక రాత్రి వెళ్లాను. బయట గాలి అప్పటికే 32 డిగ్రీలకు దిగింది, వీధిలో మనుషులు అరుగుల మీద హాయిగా కూర్చుని ఉన్నారు. మేడ మీద వాయవ్యపు పడకగదిలోకి అడుగు పెట్టగానే నెత్తి మీద ఎవరో పెనం పట్టుకున్నట్టు అనిపించింది. స్టూలెక్కి సీలింగుకు అరచేయి ఆనిస్తే, అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టను తాకినట్టు వేడి తగిలింది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తే స్లాబు అడుగు భాగం 41 డిగ్రీలు, పడమటి గోడ లోపలి ముఖం 38, నేల 34 చూపించాయి. ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తోంది. కిటికీలకు ఇంటామె తడి చీరలు ఆరేసి ఉంచారు.

ఈ అంకెల్లోనే రోగ నిర్ధారణ అంతా ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాదులో చదునైన పైకప్పు మీద చదరపు మీటరుకు 900 వాట్లకు పైగా ఎండ పడుతుంది. నల్లబడిన సిమెంటు మిద్దె అందులో అధిక భాగాన్ని తాగేస్తుంది. ఐదంగుళాల కాంక్రీటు ఆ వేడిని ఆపదు, కొన్ని గంటలు ఆలస్యం చేసి లోపలికి దించుతుంది. దాంతో మధ్యాహ్నపు ఎండ సాయంత్రం నుంచి సగం రాత్రి దాకా మంచం మీదికి వస్తూనే ఉంటుంది. ఏసీ చల్లబరిచేది గదిలోని గాలిని. మనిషి ఒంటిని వేడెక్కిస్తున్నది పైనున్న స్లాబు నుంచి సూటిగా వచ్చే వేడి. గది గాలి 26 డిగ్రీలకు వచ్చినా 41 డిగ్రీల సీలింగు కింద నిద్ర పట్టదు. అందుకే వాళ్లు ఏసీని 18కి దించేవారు, మీటరు తిరిగేది, నిద్ర మాత్రం వచ్చేది కాదు.

ఆ రాత్రే నా అభిప్రాయం చెప్పాను. ఈ ఇంటికి పైకప్పు, పడమటి గోడ అనే రెండు జబ్బులున్నాయి. వాటికి వైద్యం చేయకుండా సోలార్ పెట్టినా, కొత్త ఏసీలు కొన్నా, ఆఖరికి కూల్చి కొత్తగా అలాంటి స్లాబే వేసినా అదే వేడి తిరిగి వస్తుంది. ముందు ఎండను ఇంటి బయటే ఆపాలి, తర్వాత లోపలి వేడి పోయే దారి చూడాలి, ఆపైన మిగిలిన కొద్ది అవసరానికి మంచి యంత్రాలు పెట్టాలి, అన్నిటికంటే చివర సోలార్ గురించి ఆలోచించాలి. ఈ వరుస తప్పితే డబ్బు పోతుంది. ఇవాళ చాలా ఇళ్లలో చివరిది మొదట జరుగుతోందని నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కూల్చకపోవడం

బిల్డరు ఇచ్చిన అంచనా చదరపు అడుగుకు 2,000 చొప్పున 46 లక్షలు. హెడ్మాస్టరు గారిని వెనకాడేలా చేసింది ఆ మొత్తమే. నన్ను ఆపింది వేరే లెక్క. 50 కిలోల సిమెంటు బస్తా ఒక్కటి తయారయ్యేటప్పుడు 30 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది, ఇలాంటి ఇంటికి పట్టే బస్తాలు వందల్లో ఉంటాయి. ఇనుము, ఇటుక బట్టీల బొగ్గు, కూల్చిన మట్టీ రాయీ మోసే లారీలు దానికి అదనం. గట్టిగా నిలబడి ఉన్న ఇంటిని పడగొట్టి దాని చోట పచ్చని ఇల్లు కట్టామని చెప్పుకోవడానికి నా మనసు ఒప్పదు.

అయితే గట్టిగా ఉందో లేదో తేల్చుకోవాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి, కాంక్రీటు గట్టిదనం కొలిచే రీబౌండ్ హ్యామరుతో పిల్లర్లు, బీములు పరీక్షించారు. మూడు చోట్ల పైపూత కొట్టి కడ్డీలు చూశారు. వెనక బాత్రూము దగ్గర ఒక బీముకు మాత్రం తుప్పు పట్టింది. అక్కడ పెచ్చులు తీసి, కడ్డీలు రుద్ది శుభ్రం చేసి, మైక్రోకాంక్రీటుతో తిరిగి పోశాం. మిగతా అస్థిపంజరం బాగానే ఉంది.

పైకప్పు

మిద్దె మీద అసలు ఆశ్చర్యం ఎదురైంది. స్లాబు కారినప్పుడల్లా ఇంటివాళ్లు పాత పొర మీదే మరో సిమెంటు పొర వేయించుకుంటూ వచ్చారు. ఒక మూల పగలగొట్టి చూస్తే మూడు పొరలు, మొత్తం నాలుగంగుళాల మందం తేలింది. నాలుగంగుళాల కాంక్రీటంటే చదరపు అడుగుకు 20 కిలోలకు పైగా బరువు. మిద్దె మొత్తానికి పాతిక టన్నుల దాకా పనికిరాని భారాన్ని ఆ ఇల్లు మోస్తోంది, కారడం మాత్రం ఆగలేదు. ఆ పొరలన్నీ చిన్న బ్రేకరుతో జాగ్రత్తగా ఒలిపించడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ బరువు దిగింది కనుకే పైన మేం వేయబోయే కొత్త పొరలకు స్ట్రక్చరల్ ఇంజనీరు వెంటనే ఒప్పుకున్నారు.

తర్వాత వరుస ఇలా సాగింది. స్లాబు పగుళ్లను వీ ఆకారంలో చెక్కి గ్రౌటు నింపాం. పిట్టగోడ మొదట్లో సిమెంటుతో గుండ్రని మూల కట్టి, స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ పూత మూడు కోట్లు వేసి, పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు వరకు తీసుకెళ్లాం. మళ్లు కట్టి 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింద ఎక్కడా చెమ్మ లేదని చూశాకే ముందుకు కదిలాం. దాని మీద వేడిని అడ్డుకునే గట్టి నురుగుతో చేసిన 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ పలకలు పరిచి, పైన వడపోత గుడ్డ, దానిమీద సన్నని ఇనుప జాలీతో రెండంగుళాల కాంక్రీటు వాటానికి తగ్గట్టు వేసి, చివరగా తెల్లటి పింగాణీ టైలు ముక్కలు అతికించాం. ఆ ముక్కలు ఒక టైల్స్ గోదాములో పగిలి పక్కన పడేసినవి, కిలోల లెక్కన కొన్నాం.

పలకలు దించిన రోజు పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రి ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, ఒంటి వేలితో పైకెత్తి, "సార్, గీ థర్మాకోల్ మీద కాంక్రీటు ఏస్తే అణిగిపోదా?" అని అడిగాడు. మామూలు థర్మాకోల్ అయితే అణిగేదే. మేం తెచ్చిన రకం చదరపు మీటరుకు 25 టన్నుల ఒత్తిడిని ఓర్చుకుంటుంది, నీళ్లు దాదాపుగా పీల్చుకోదు. మాటలతో చెప్పకుండా ఒక పలకను రెండు ఇటుకల మందాన ఇసుక మీద పరిచి ఇద్దరు కూలీలను సిమెంటు బస్తాతో సహా దానిమీద నిలబెట్టాం. వాళ్లు దిగాక మేస్త్రి పలక మీద అరచేత్తో రెండుసార్లు రాసి చూసి ఇంకేమీ అడగలేదు. పలకల సందులు ఒకదాని మీద ఒకటి పడకుండా ఆ తర్వాత అతనే దగ్గరుండి పరిపించాడు.

వేడిని అడ్డుకునే పొరను స్లాబు పైనే వేయాలని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. లోపల ఫాల్స్ సీలింగు వేస్తే పని తేలిక, ఖర్చు తక్కువ. కానీ అప్పుడు స్లాబు ఎప్పటిలాగే ఎండలో కాలుతూ రాత్రి చల్లబడి కుంచించుకుంటూ ఉంటుంది, పగుళ్లు వస్తూనే ఉంటాయి, వాటర్‌ప్రూఫింగ్ పూత ఎండకు పెళుసెక్కుతుంది. పొర పైన ఉంటే స్లాబు, పూత రెండూ నీడలో ఉన్నట్టే. మరో లాభం కూడా ఉంది. లోపలున్న ఆ కాంక్రీటు బరువు రాత్రి చల్లదనాన్ని పట్టి ఉంచి పగటికి అందిస్తుంది. మట్టి మిద్దెల్లో, గానుగ సున్నం వేసిన పాత ఇళ్లలో మన పెద్దలు అనుభవించిన చల్లదనం రహస్యం మందం, బరువే. ఐదంగుళాల స్లాబుకు ఆ మందం లేదు కనుక పైన ఈ తేలికైన పొర కావలసి వచ్చింది.

పైకప్పు గుండా వేడి ఎంత సులువుగా దిగుతుందో కొలిచే యు విలువ పాత స్లాబుకు 3కు పైగా ఉండేది. కొత్త పొరలతో లెక్క వేస్తే 0.5 దగ్గరికి వచ్చింది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారు 2018లో తెచ్చిన, ఇళ్లలో కరెంటు ఆదాకు సంబంధించిన ఎకో నివాస్ సంహిత నియమావళి ప్రకారం ఇంటి పైకప్పుకు ఇది 1.2 దాటకూడదు. తెల్ల టైలు ముక్కల సంగతి వేరు. అవి ఎండను తాగనివ్వకుండా వెనక్కి పంపుతాయి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లోని ఇళ్లకే తప్పనిసరి, ఈ ఇంటికి వర్తించదు. అయినా చిన్న ఇళ్లే ఎక్కువగా ఉడికే మన కాలనీల్లో దాన్ని ఎవరికి వారు పాటించడం మంచిదని నా నమ్మకం. తెల్ల పెయింటు చౌకే గానీ దుమ్ముకు రెండు మూడేళ్లలో బూడిద రంగుకు తిరుగుతుంది. పింగాణీని చీపురూ నీళ్లతో కడిగితే మళ్లీ తెల్లబడుతుంది. పాత పొరలు ఒలవడం, వాటర్‌ప్రూఫింగ్‌తో కలిపి మిద్దె పనికి చదరపు అడుగుకు 210 రూపాయలైంది. ఈ ఇంటి మీద పెట్టిన ఖర్చులన్నిటిలో నేను రెండో మాట లేకుండా సిఫారసు చేసేది ఇదొక్కటే.

పడమటి గోడ, పడమటి గాలి

పడమటి గోడకు సన్‌షేడ్ ఎంత పొడుగు పెట్టినా లాభం లేదు. మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు కిందికి దిగి కిటికీకి ఎదురుగా నిలుస్తాడు. ఆ ఎండను పై నుంచి కాదు, ఎదురుగా ఆపాలి. సులువైన ఉపాయం కిటికీలు మూసేసి గోడ కట్టేయడం. బిల్డరు సలహా కూడా అదే. కానీ మన హైదరాబాదులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే నైరుతి గాలులు ఆ పడమటి వైపు నుంచే వస్తాయి. దక్షిణాన పక్కింటివారి మూడంతస్తుల గోడ ఉంది, తూర్పున నాలుగడుగుల ఖాళీయే. పడమర మూస్తే ఇంటికి ఊపిరి ఉండదు. ఎండా గాలీ ఒకే గుమ్మం గుండా వచ్చే ఇంట్లో ఎండను ఆపి గాలిని మాత్రం రానివ్వాలి. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సమస్య ఇదే.

ముందు బాల్కనీ అంచున మట్టి జాలీ ఇటుకలతో తెర కట్టాలని గీశాను. చూడటానికి అందంగా ఉండేది. స్ట్రక్చరల్ ఇంజనీరు ఒప్పుకోలేదు, ఆయనదే సరైన మాట. నాలుగడుగులు ముందుకు వేలాడే పాత బాల్కనీ కొసన అంత బరువు పెట్టడం ప్రమాదం. దాంతో నేల నుంచి సొంత పునాదుల మీద లేచే సన్నని ఉక్కు చట్రం నిలబెట్టి, దానికి తీగల జాలీ బిగించి, కింద తవ్విన పాదుల్లో రాధామనోహరం నాటాం. ఆకుల మధ్య నుంచి గాలి వస్తుంది, ఆకులు తాగిన ఎండ గోడను చేరదు. తీగకు జాలీ నిండేందుకు రెండేళ్లు పడుతుంది కనుక మొదటి వేసవికి అదే చట్రానికి వట్టివేళ్ల తడికలు వేలాడదీశాం. సాయంత్రం నాలుగింటికి ఒకసారి నీళ్లు చల్లితే చీకటి పడేదాకా చల్లని వాసనతో గాలి వచ్చేది. తడి చీరలకు ఇది చాలా మెరుగని ఆ ఇంటామె నాతో రెండుసార్లు అన్నారు.

బాల్కనీ లేని వాయవ్యపు పడకగది దగ్గర వేరే పద్ధతి. గోడకు జింకు పూత ఉన్న ఇనుప పట్టీలు (జీఐ చానెళ్లు) బిగించి, రెండంగుళాల సందు వదిలి ఫైబర్ సిమెంటు పలకలు తొడిగాం. ఆ సందు కిందా పైనా తెరిచి ఉంటుంది, చీమలూ బల్లులూ దూరకుండా జాలీ మాత్రం ఉంది. పలక ఎండకు కాగితే సందులోని గాలి వేడెక్కి పైకి లేచి బయటికి పోతుంది, కింది నుంచి కొత్త గాలి వస్తుంది, వెనకనున్న ఇటుక గోడ నీడలో మిగులుతుంది. ఆ గది పడమటి కిటికీని సగానికి తగ్గించి, ఉత్తరం గోడలో కొత్త కిటికీ తీశాం.

లోపలి వేడి బయటపడేందుకు మెట్ల గది దొరికింది. మిద్దె మీదికి లేచిన ఆ గదికి ఇదివరకు ఒక ఇనుప తలుపు తప్ప ఏమీ లేదు, వేడి గాలి అక్కడ చిక్కుకుపోయేది. తూర్పు, ఉత్తరం గోడల్లో పైకప్పుకు ఆనించి వెడల్పాటి వెంటిలేటర్లు తీసి, కింద నుంచి తాడుతో తెరిచే రెక్కలు పెట్టాం. మన మండువా లోగిలిలో నడిమి ఖాళీ చేసే పనిని ఇక్కడ మెట్ల దారి చేస్తుంది. 2004లో హైదరాబాదులోనే ప్రారంభమైన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటరు, పచ్చని భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగును అమెరికా బయట పొందిన తొలి భవనం, దానికి గాలి గోపురాలు ఉన్నాయి. వాటిని చూసొచ్చిన క్లయింట్లు ఇవన్నీ పెద్ద సంస్థలకే సాధ్యమని నిట్టూరుస్తుంటారు. ప్రతి డూప్లెక్సు ఇంట్లో అలాంటి గోపురం ఒకటి ముందే కట్టి ఉంది, దానికి నోరు తెరవడమే మిగిలింది.

ఇది పని చేయాలంటే ఇంటివాళ్లు సమయం పాటించాలి. 41 డిగ్రీల మధ్యాహ్నం కిటికీలు తెరిస్తే వచ్చేది వడగాలి. పొద్దున ఎనిమిదిన్నరకల్లా అన్నీ మూసేయాలి, పొద్దుగూకి బయట చల్లబడ్డాక కింది కిటికీలూ పై వెంటిలేటర్లూ కలిపి తెరవాలి. మొదటి వారం కోడలు తలుపు వెనక కాగితం అంటించుకుని పాటించారు, తర్వాత దాని అవసరం పడలేదు.

యంత్రాల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 75 వాట్ల పాత ఫ్యాన్లు తొమ్మిదింటి చోట తక్కువ కరెంటు తినే మోటారున్న 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు వచ్చాయి. ఒకటిన్నర టన్నుల పాత ఏసీలు రెండూ తీసేసి, మేడ పడకగదికి ఒకే ఒక టన్ను ఐదు నక్షత్రాల ఇన్వర్టర్ ఏసీ పెట్టాం. సీలింగు చల్లబడ్డాక దాన్ని 26 మీద నడిపి, ఫ్యాను తిప్పుకుంటే సరిపోతోంది.

సోలార్, ఎనిమిది రంధ్రాలు

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. 3 కిలోవాట్లకు కేంద్రం ఇచ్చే సబ్సిడీ 78,000 రూపాయలు. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000. ప్యానెళ్లు దేశంలో తయారైనవై ఉండాలి. హైదరాబాదులో ఒక కిలోవాట్ ఏడాది సగటున రోజుకు దాదాపు నాలుగు యూనిట్లు ఇస్తుంది. ఇంటి వాడకం తగ్గించాక మూడు కిలోవాట్లు చాలన్నది నా లెక్క. ముందే సోలార్ పెట్టి ఉంటే ఐదు కావాల్సి వచ్చేది.

ప్యానెళ్ల చట్రం నిలబడటానికి వాటర్‌ప్రూఫింగ్‌కు ముందే, పిల్లర్లు వచ్చే చోట్ల స్లాబుతో కలిపి ఆరు కాంక్రీటు దిమ్మెలు పోయించాను, మిద్దెకు ఒక్క రంధ్రం కూడా పడకూడదని. 2025 మార్చిలో సోలార్ సంస్థవారు చట్రం తెచ్చిన రోజు నేను వేరే సైట్లో ఉన్నాను. వాళ్ల చట్రం కాళ్ల దూరం మా దిమ్మెలకు కుదరలేదు. నాలుగు దిమ్మెలు వాడుకుని, మిగిలిన రెండు కాళ్లకు టైలు మీదే ఎనిమిది రంధ్రాలు వేసి బోల్టులు దించేశారు. సాయంత్రం నేను మిద్దెక్కితే, తెల్లటి పింగాణీ మీద బోల్టుల చుట్టూ లేత నీలి రంగు తురుము గాలికి కదులుతోంది. అది మేం పరిచిన పలకల తురుము. డ్రిల్లు ఆ లోతు దాటిందంటే కింది పూత కూడా తెగినట్టే. సీలెంటు నింపాం, ఏమీ కాదన్నారు. ఆ పూటే విప్పించి ఉండాల్సింది, సబ్సిడీ తనిఖీ ఆలస్యమవుతుందని ఇంటివాళ్లు ఆందోళన పడటంతో నేను ఒప్పుకున్నాను. అది నా తప్పు.

జూన్ మొదటి పెద్ద వానకు పడకగది సీలింగులో అరచేయంత చెమ్మ కనిపించింది. ఈ రకం మిద్దెలో ఉన్న కష్టం అప్పుడు బయటపడింది. రంధ్రంలో దిగిన నీళ్లు పలకల కింద పూత మీదుగా పాకుతూ, పూత ఎక్కడ తెగిందో అక్కడే దిగుతాయి, స్లాబులో సన్నని దారి పట్టి ఇంకెక్కడో తేలుతాయి. చెమ్మకూ రంధ్రాలకూ మధ్య ఆరడుగుల దూరం ఉంది. చట్రం రెండు కాళ్లు విప్పి, ఒక్కోచోట మూడడుగుల చదరం టైలు, కాంక్రీటు, పలక తీసి, పూతకు అతుకు వేసి, అక్కడే కొత్త దిమ్మె పోసి, మళ్లీ నీళ్లు నిలబెట్టి చూసేసరికి పదకొండు రోజులు పోయాయి. ఖర్చులో సగం ఆ సంస్థ భరించింది, సగం నేను పెట్టుకున్నాను. దిమ్మెల కొలతల బొమ్మను నేను వాళ్ల ఆఫీసుకు పంపానే గానీ, చట్రం వెల్డింగు చేసే మనిషి చేతికి అందిందా అని అడగలేదు. ఆ తర్వాతి ఇళ్లలో దిమ్మెల మధ్య దూరాలు అంగుళాల్లో మిద్దె మీదే ఎర్ర రంగుతో రాయిస్తున్నాను, వెల్డరు వచ్చి తన టేపుతో కొలుచుకున్నాకే చట్రం కోస్తాడు.

వాన నీటి గురించి ఒక మాట. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఈ మిద్దె మీద కురిసేదానిలో ఐదో వంతు పోయినా 65,000 లీటర్లకు పైగా చేతికి వస్తాయి. తొలి వాన మురికి పక్కకు పోయేలా వాల్వు పెట్టి, ఇసుక కంకర వడపోత దాటాక సంపులోకి, అది నిండితే బోరు పక్కనున్న ఇంకుడు గుంతలోకి దారి కట్టాం.

కొలతలు

2025 మేలో వానలు ముందే వచ్చేశాయి. రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. అందుకని మే నెలను మే నెలతో పోల్చడం న్యాయం కాదు. బయట గరిష్ఠం 40, 41 డిగ్రీలున్న ఏప్రిల్ రోజుల్నే ఎంచుకుని, అదే గదిలో అదే స్టూలు మీద నిలబడి రాత్రి పదింటికి కొలిచాను. సీలింగు 41 నుంచి 34కు దిగింది. వాయవ్యపు గదిలో పడమటి గోడ 38 నుంచి 34కు వచ్చింది. తడికలు మాత్రమే ఉన్న బాల్కనీ వైపు గోడ ఇంకా 35 చూపిస్తోంది, తీగ పెరిగాక మళ్లీ చూడాలి.

కరెంటు లెక్కలో ఒక జాగ్రత్త అవసరం. సోలార్ పెట్టాక బిల్లు చూసి వాడకం తగ్గిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. బయటి లైను నుంచి తీసుకున్నదీ దానికి తిరిగి ఇచ్చిందీ లెక్కించే నెట్ మీటరు చూపే దిగుమతిలోంచి ఎగుమతి తీసి, ఇన్వర్టరు చూపే ఉత్పత్తిని కలిపితేనే ఇల్లు నిజంగా ఎంత తాగిందో తెలుస్తుంది. హెడ్మాస్టరు గారు పదేళ్ల బిల్లులు ఫైలులో దాచారు కనుక పోలిక సులువైంది. 2024 ఏప్రిల్లో వాడకం 640 యూనిట్లు, 2025 ఏప్రిల్లో 365. మనుషుల సంఖ్య మారలేదు. ఆ నెల సోలార్ ఉత్పత్తి 370 దాకా వచ్చింది కనుక ఇల్లు దాదాపు తన కరెంటు తానే చేసుకున్నట్టు. మొత్తం ఖర్చు సబ్సిడీ పోను సుమారు 10 లక్షలైంది, అందులో రెండున్నర లక్షల లోపే మిద్దెది.

మిగిలిపోయిన పని ఒకటుంది. ఉత్తరం వైపు ఎండ రాదనే లెక్కతో కొత్త కిటికీకి చిన్న సన్‌షేడ్ మాత్రమే ఇచ్చాను. హైదరాబాదు 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, జూన్ చివరిలో సరిగ్గా పడమరకు పాతిక డిగ్రీలు ఉత్తరంగా అస్తమిస్తాడు. జూన్ సాయంత్రాల్లో ఆ కిటికీ గుండా ఏటవాలు ఎండ మంచం సగం దాకా పరుచుకుంటోందని కోడలు ఫోటో తీసి పంపారు. కిటికీ పడమటి అంచున నిలువుగా, అడుగున్నర వెడల్పు ఫైబర్ సిమెంటు రెక్క ఒకటి బిగిస్తే ఆగుతుంది. కొలతలు తీసుకున్నాను. ఫిబ్రవరిలో చట్రానికి రంగు వేసేందుకు వచ్చే మనిషే దాన్నీ బిగిస్తాడు.